అరబ్బీ నేర్పే యాప్‌లు: ఒక పరిశీలన

తెలుగు జిల్లాలలోని ముస్లిం కుటుంబాలలో అరబ్బీతో పరిచయం సాధారణంగా ఖాయిదాతో మొదలై నాజిరాతో ముగుస్తుంది. పిల్లవాడు ఏడెనిమిదేళ్లకు అమ్మ పారా చదువుతాడు, పదేళ్లకో పన్నెండేళ్లకో ఖుర్ఆన్ పఠనం పూర్తి చేస్తాడు. ఆ పిమ్మట అతని నోట అరబ్బీ జీవితాంతం ఉంటుంది. అర్థం మాత్రం ఉండదు. ఒకప్పుడు ఈ లోటును ఉర్దూ కొంతవరకు తీర్చేది. ఉర్దూ తెలిసిన వానికి అరబ్బీ పదాలలో కొన్నైనా చుట్టాలుగా కనిపించేవి. ఉర్దూ బడి వదలి తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో చదివిన తరాలకు ఆ చుట్టరికం తెగిపోయింది. ఇక నూర్‌బాషా కుటుంబాల వంటి, తరతరాలుగా తెలుగే ఇంటి భాషగా గల వారికి అది మొదటినుండీ అంతంతమాత్రమే.

ఇటువంటి వారిలో నడివయసు దాటాక కొందరికి, చదువుకొనే రోజుల్లోనే కొందరికి, ‘చదివేది అర్థం చేసుకోవాలి’ అన్న కోరిక పుడుతున్నది. ఇది చిన్న కోరిక కాదు. తెలుగులో ఖుర్ఆన్ అనువాదాలు ఇప్పుడు ఒకటికి మించి ఉన్నాయి. ఒక అనువాదం మూలానికి ఎంత దగ్గరగా ఉన్నదో, ఎక్కడ అనువాదకుడు తన మాట కలిపాడో పట్టుకోగల పాఠకులు పదిమంది ఉన్న ఊళ్లో అనువాదకుడు ఒళ్లు దగ్గర పెట్టుకొని పనిచేస్తాడు. అటువంటి వారు లేని చోట ఏది రాసినా చెల్లుతుంది. అరబ్బీ నేర్వగోరే సామాన్య పాఠకుని చేతికి ఏ సాధనం అందుతున్నది అన్న ప్రశ్నకు ఇందువల్లనే ప్రాముఖ్యం ఉన్నది.

నేడు అందుతున్నది ఫోన్. అందులో ఎక్కువమంది మొదట తెరిచేది డువోలింగో. దానిని ముందుగా పరిశీలించడం న్యాయం.

ఈ సంస్థ అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టింది. లూయీ వాన్ ఆన్, సెవెరిన్ హాకర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు దీనిని స్థాపించారు. 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మొదట వారు వేసుకొన్న పథకం చిత్రమైనది: నేర్చుకొనేవారు అభ్యాసంగా చేసే వాక్యాల అనువాదాలను కూర్చి, వార్తాసంస్థలకు అనువాద సేవగా అమ్మడం. అనువాద వృత్తిలో ఉన్నవారికి దీనిపై నవ్వాలో ఏడవాలో తెలియదు. విద్యార్థి తప్పులతో రాసిన అభ్యాసం ఇంకొకరికి సరుకు కావడం అది. ఆ పథకం ఎక్కువ కాలం నడవలేదు. ప్రకటనలు, నెలవారీ చందాలు, ఇంగ్లీషు పరీక్ష వచ్చాయి. 2021లో సంస్థ షేర్లు అమెరికా స్టాక్ మార్కెట్టుకెక్కాయి. తన నివేదికలలో ఈ సంస్థ ముందుంచే లెక్క, ప్రతిరోజూ యాప్ తెరిచేవారు ఎందరు అన్నది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకొంటే దాని నిర్మాణమంతా బోధపడుతుంది. వరుసగా ఎన్ని రోజులు వచ్చారో చూపే అంకె, కంచు నుండి వజ్రం దాకా ఎక్కించే పోటీలు, రాని రోజును కూడా వరుస తెగకుండా కాపాడే ‘ఫ్రీజ్’, ఇవన్నీ హాజరుపట్టీకి సంబంధించిన ఏర్పాట్లు. బడిలో హాజరుపట్టీ అవసరమే. దానిని చూచి మార్కులు వేసే పంతులు మాత్రం ఎక్కడా ఉండడు.

అయినా యాప్ గుణాలను గుణాలుగా ఒప్పుకోవాలి. నలభై ఏళ్లు దాటిన మనిషి పిల్లల మధ్య కూర్చొని ‘అలిఫ్, బే’ దిద్దడానికి సిగ్గుపడతాడు. ఫోన్ ముందు ఆ సిగ్గు లేదు. ఇల్లు విడిచి తరగతికి పోలేని గృహిణికి, రాత్రి డ్యూటీ చేసే కార్మికునికి, గురువు లేని పల్లెలో ఉన్నవానికి పది నిముషాల పాఠం దొరుకుతున్నది. పైసా ఖర్చు లేకుండా ఇరవై ఎనిమిది అక్షరాల గుర్తింపు, పదం మొదట, నడుమ, చివర వాటి రూపాలు అలవాటవుతాయి. రోజూ కొంచెం అన్న క్రమశిక్షణ కూడా మంచిదే. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు.

అభ్యంతరం ఆ తరువాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. యాప్ పాఠంలో ఎక్కువ భాగం, ఇచ్చిన పదాల ముక్కలను వేలితో తట్టి వరుసలో పేర్చడం. సరైన మాట కళ్లముందే ఉంటుంది, దానిని గుర్తుపట్టాలి. తెల్లకాగితం మీద తనంతట తాను ఆ మాట తెచ్చుకోవడం వేరు పని. ఏడాదిపాటు ఒక్కరోజు తప్పకుండా యాప్ తెరచిన విద్యార్థి చేతికి ఖుర్ఆన్ ఇచ్చి, రోజూ నమాజులో చదివే చిన్న సూరాలలో ఏదో ఒకటి చూపి, ఇందులో క్రియ ఏది, కర్త ఏది, ఈ పదం చివర జేరు ఎందుకు వచ్చింది అని అడిగితే ఏమవుతుంది? అతనికి అది కొత్త ప్రశ్నగా తోస్తుంది. యాప్ అతనిని ఆ ప్రశ్న అడగలేదు. తప్పు అతనిది కాదు గాని, అతడు మాత్రం ‘అరబ్బీ నాకు రాని విద్య’ అనుకొని పుస్తకం మూసివేస్తాడు. అసలు నష్టం ఇది. వృథా అయిన పది నిముషాల లెక్క దీని ముందు స్వల్పం.

అరబ్బీ పదనిర్మాణానికి ఆయువుపట్టు ధాతువు. కాఫ్, తే, బే అనే మూడు హల్లుల నుండి కితాబ్ (పుస్తకం), కాతిబ్ (రాసేవాడు), మక్తూబ్ (రాయబడినది), మక్తబ్ (రాసే చోటు) పుడతాయి. ఈ అచ్చులు ఒకసారి పట్టుబడితే కొత్త ధాతువు ఎదురైనప్పుడు సగం అర్థం దానంతట అదే దొరుకుతుంది. మదరసాలలో సర్ఫ్ పేరిట మొదటి ఏడాది చెప్పించేది ఇదే. యాప్ ఒక్కొక్క మాటనూ విడివిడి గులకరాయిలా చేతిలో పెడుతుంది. ధాతువును పాఠంగా విడమరచి చెప్పదు. పద్ధతి అన్ని భాషలకూ ఒకే మూసలో పోసినది కావడం దీనికి కారణం. స్పానిష్‌కు కుదిరిన మూస అరబ్బీకి కుదరదు.

మరింత లోతైన చిక్కు వేరొకటి ఉన్నది. దానిపై చర్చ అంతగా జరగలేదు. డువోలింగోలో 2019లో వచ్చిన అరబ్బీ కోర్సు ఇంగ్లీషు చదువరుల కోసం తయారైనది. తెలుగువాడు దానిలో అరబ్బీని ఇంగ్లీషు గుండా నేర్వాలి. ఇది కేవలం అదనపు శ్రమ అయితే ఓర్చుకోవచ్చును. ఇంగ్లీషులో లేనివి, తెలుగులో పుట్టుకతో ఉన్నవి అయిన సదుపాయాలను ఈ దారి మూసివేస్తున్నది.

‘హాజా కితాబున్’ అనే మాటనే తీసుకోవచ్చును. ఇంగ్లీషువాడు దీనిని చూడగానే, నడుమ ‘ఈజ్’ ఏది, ముందు ‘ఎ’ ఏది అని వెతుకుతాడు. వానికి అరబ్బీలో ఆ రెండూ ఉండవని ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగువాడు ‘ఇది పుస్తకం’ అంటాడు. రెండు మాటలకు రెండు మాటలు, అదే వరుస. ‘హువ ముఅల్లిమున్’ అంటే ‘ఆయన ఉపాధ్యాయుడు’. ఇక్కడ నేర్చుకోవలసిన వాక్యనిర్మాణమే లేదు, ఉన్నది మాటలే. యాప్ మాత్రం తెలుగు విద్యార్థిని ముందు ‘ఈజ్’ను, ‘ఎ’ను మోయించి, తరువాత వాటిని దింపుమంటుంది.

ఏరాబ్ సంగతి ఇంకా స్పష్టం. పదం చివర పేష్, జబర్, జేరు మారడం ఇంగ్లీషు విద్యార్థికి అరబ్బీలోకెల్లా భయంకరమైన అధ్యాయం. ఎందుకంటే వాని భాషలో ‘బాయ్’ కర్త అయినా కర్మ అయినా బాయ్‌గానే ఉంటాడు. తెలుగులో ‘బాలుడు’ వచ్చాడు, ‘బాలుణ్ణి’ పిలిచారు, ‘బాలుడి’ పుస్తకం. అరబ్బీలో అల్ వలదు, అల్ వలద, అల్ వలది. ప్రథమ, ద్వితీయ, షష్ఠి విభక్తులు ఐదో తరగతిలో చదివిన పిల్లవానికి రఫ్ఉ, నసబ్, జర్ర్ అనేవి పాత మిత్రులకు పెట్టిన కొత్త పేర్లు. ఇంకొక అందమైన పోలిక ఉన్నది. ‘ఫీ’, ‘మిన్’ వంటి అవ్యయాల తరువాత నామవాచకానికి జేరు వస్తుందని నహ్వ్ సూత్రం: బైతున్ అన్నది ఫీ బైతిన్ అవుతుంది. తెలుగులో ‘లో’ చేరితే ‘ఇల్లు’ ఇల్లుగా ఉండదు, ‘ఇంటి’ అవుతుంది, ‘ఇంటిలో’ అంటారు. అరబ్బీలో ‘లో’ ముందు వస్తుంది, తెలుగులో వెనుక వస్తుంది. నామం రూపం మార్చుకోవడం రెంటిలోనూ ఒక్కటే. ఈ మాట చెప్పగల ఉపాధ్యాయుడు ఒక గంటలో ముగించే విషయానికి ఇంగ్లీషు పుస్తకాలు అధ్యాయాలు ఖర్చు చేస్తాయి.

మూడోది లింగం. మానవేతర బహువచనాన్ని అరబ్బీ స్త్రీలింగ ఏకవచనంగా చూస్తుంది. ‘పుస్తకాలు కొత్తవి’ అనడానికి ‘అల్ కుతుబు జదీదతున్’ అంటారు. ఇంగ్లీషు విద్యార్థికి ఇది వింత. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటారు. స్త్రీకీ, మనిషికాని వస్తువుకూ ఏకవచనంలో ఒకే క్రియారూపం. రెండు నియమాలూ అచ్చంగా ఒకటి కావు. అయినా స్త్రీలింగమూ మానవేతరమూ ఒక గూటికి చేరడం తెలుగువాని చెవికి ఎబ్బెట్టుగా ఉండదు.

తెలుగు అన్నిచోట్లా సాయపడుతుందని చెప్పడం అతిశయోక్తి. ద్వివచనం తెలుగులో లేదు. ‘అల్’ అర్థం చెప్పడానికి ఇంగ్లీషు ‘ది’ నిజంగానే మేలైన మెట్టు. విశేషణం నామం తరువాత రావడం, కుతుబ్ వంటి భగ్న బహువచనాలు ఏ దారిన పోయినా కంఠస్థం చేయవలసినవే. ఉచ్చారణలో తెలుగు లిపి సాయం చేయకపోగా మోసం చేస్తుంది. సీన్, సాద్, సే మూడింటినీ ‘స’ అని, రెండు హకారాలనూ ‘హ’ అని, కాఫ్‌కు భిన్నమైన ఖాఫ్‌నూ, గొంతు పైభాగంలో పలికే ఖేనూ ఒకే ‘ఖ’ అని రాసే ప్రార్థనా పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ‘ఖల్బ్’ అంటే హృదయం, ‘కల్బ్’ అంటే కుక్క. ఈ తేడాను ఎదుట కూర్చొని విద్యార్థి గొంతును వినే మనిషి దిద్దాలి. యాప్ వినిపించే గొంతు విద్యార్థి వింటాడు. విద్యార్థి గొంతులో మఖ్రజ్ ఎక్కడ తప్పిందో చెప్పే వాడు లేడు.

పరాయి భాష గుండా నేర్పే ఈ లోపం ఫోన్‌తో పుట్టినది కాదు, మదరసా కూడా దీనికి అతీతం కాదు. దర్సె నిజామీలో తొలి వ్యాకరణాలైన నహ్వె మీర్, సర్ఫె మీర్ పారసీలో రాసినవి. పారసీ అందరికీ వచ్చిన కాలంలో అది సులభమార్గమే. పారసీ పోయాక ఆ పుస్తకాలను ఉర్దూలో వివరించి చెప్పారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తెలుగు ఇంటి పిల్లవాడు ఉర్దూ నేర్చి, ఉర్దూలో పారసీ వాక్యం విని, దానితో అరబ్బీ సూత్రం వల్లించిన రోజులు ఉన్నాయి. వారిలో మంచి పండితులైనవారు ఉన్నారు గాని, నడుమ ఆగిపోయినవారిని ఎవరూ లెక్క పెట్టలేదు. నాడు పారసీ ఉన్న చోట నేడు ఇంగ్లీషు కూర్చున్నది.

పదాల విషయంలో మరొక ప్రచారాన్నీ పరీక్షించాలి. ‘నూటికి పైగా మాటలు నేర్చుకొంటే ఖుర్ఆన్‌లో సగం అర్థమవుతుంది’ అన్న వాగ్దానం అనేక యాప్‌లలో, తరగతులలో వినవస్తున్నది. అంకె అబద్ధం కాదు. ఖుర్ఆన్‌లో సుమారు 77,000 మాటలు ఉన్నాయి. ‘మిన్’ 3,000కు పైగా సార్లు, ‘అల్లాహ్’ నామం 2,600కు పైగా, ‘ఖాల’ అనే క్రియ వివిధ రూపాలలో 1,600కు పైగా సార్లు వస్తాయి. ఇటువంటి వాటిని నేర్చుకొంటే సగం మాటలు గుర్తుపట్టడం నిజమే. కాని సగం మాటలు తెలియడం, సగం అర్థం తెలియడం ఒక్కటి కాదు. ‘వారు ఫలానా నుండి ఫలానాలోనికి ఫలానా వద్దని అన్నారు’ అన్న వాక్యంలో మూడు ఫలానాలు తప్ప తక్కినవన్నీ తెలిశాయి. తెలిసినదేమిటి? మొదటి అడుగుగా ఈ జాబితాలు మేలైనవి. వాటిని గమ్యంగా అమ్మడమే ఆక్షేపణీయం.

పైగా తెలుగువాడు వట్టిచేతులతో ఏమీ రావడం లేదు. పాత సర్కారు కచ్చేరీలు తెలుగులో చాలా అరబ్బీ మాటలను విడిచిపోయాయి. తహసీలు, మహసూలు రెండూ హే, సాద్, లామ్ అనే ఒకే ధాతువు బిడ్డలు. అమలు, మామూలు ఒకే ఇంటివి. వకీలు, వకాల్తా తెలిసినవానికి ‘తవక్కుల్’ దూరపు మాట కాదు: తన పనిని ఇంకొకరికి అప్పగించడమే అన్నిటా ఉన్న అర్థం. ఇలాకా అనే మాటకూ, తొంభై ఆరో సూరా పేరైన అలఖ్‌కూ ధాతువు ఒకటే. అంటిపెట్టుకొని ఉండడం దాని మూలార్థం. ఐతే జాగ్రత్త కూడా అవసరం. అరబ్బీలో ‘వుసూల్’ అంటే చేరుకోవడం, డబ్బు రాబట్టడం కాదు. ‘మఅమూల్’ అంటే చేయబడినది. ఆఫీసుల్లో బల్ల కింద చేతులు మారే మామూలుకు అరబ్బీ ఏ పూచీ వహించదు.

ప్రత్యామ్నాయాల మాటకు వస్తే, ఎక్కువగా చెప్పుకోవలసినది డాక్టర్ వి. అబ్దుర్రహీం రచించిన ‘దురూసుల్లుగతిల్ అరబియ్య’ మూడు భాగాలు. ఆయన దూరదేశీయుడు కాడు. 1933లో తమిళనాడులోని వాణియంబాడిలో జన్మించి, మదీనా ఇస్లామీయ విశ్వవిద్యాలయంలో అరబ్బేతర విద్యార్థులకు దశాబ్దాలపాటు అరబ్బీ చెప్పి, 2023లో అక్కడే కన్నుమూశారు. దక్షిణ భారతదేశపు పిల్లవాడు ఎక్కడ తడబడతాడో ఎరిగిన మనిషి చేసిన పుస్తకమిది. మొదటి భాగంలో 23 పాఠాలు. ‘ఇది’, ‘అది’లతో బొమ్మల పక్కన మొదలవుతుంది. మొదటి పాఠం నుండే పదాంత స్వరాలు పూర్తిగా ఉంటాయి. సూత్రం పేరు చెప్పకముందే అభ్యాసం చేయిస్తారు. అన్నిటికంటె ముఖ్యంగా పుస్తకంలో మరే భాషా లేదు. కనుక ఇంగ్లీషు మెట్టు ఎక్కనవసరం లేదు, వివరించే గురువు తెలుగులో వివరించవచ్చును.

లోపాలూ లేకపోలేదు. మొదటి భాగంలోని లోకం విశ్వవిద్యాలయ వసతిగృహపు లోకం: విద్యార్థి, ప్రధానోపాధ్యాయుడు, గ్రంథాలయం. గృహిణికి, వ్యాపారికి అది చప్పగా తోస్తుంది. ఖుర్ఆన్, హదీసుల ఉదాహరణలు తరువాతి భాగాలలో గాని విరివిగా రావు. మూడో భాగం నిట్టనిలువు గోడ. ఒంటరిగా కూర్చొని దానిని ఎక్కినవారు అరుదు.

ఈ వెలితిని పూరించడానికి ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఖుర్ఆన్ అరబ్బీ పదకోశం ఒకటి ఉచితంగా లభిస్తున్నది. ఏ ఆయతులోని ఏ మాటనైనా తాకితే దాని ధాతువు, రూపం, విభక్తి కనిపిస్తాయి. ఆ ధాతువు ఖుర్ఆన్‌లో వచ్చిన ఇతర చోట్లు కూడా దొరుకుతాయి. వివరణ ఇంగ్లీషులో ఉన్నా, విభక్తుల పేర్లు పది నేర్చుకొంటే పని గడుస్తుంది. ఇది నిఘంటువు వంటిది. గురువు స్థానం దీనికి ఇవ్వరాదు. ఈమధ్య అడిగినదానికల్లా జవాబు చెప్పే కృత్రిమ మేధ యంత్రాలు తెలుగులో కూడా ఏరాబ్ వివరిస్తున్నాయి. అవి ఒప్పు చెప్పినప్పుడూ, తప్పు చెప్పినప్పుడూ ఒకే ధీమాతో చెబుతాయి. తేడా పట్టగల స్థితికి వచ్చినవానికి అవి ఉపయోగం. ఆ స్థితికి రానివానికి ప్రమాదం.

మాటలు మరువకుండా ఉండడానికి యాప్‌లు చాటుకొనే గొప్ప రహస్యం, ఎడమిచ్చి ఎడమిచ్చి పునశ్చరణ చేయడం. 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తి పరిశోధనలు ప్రచురించాడు. 1972లో లైట్నర్ అట్టపెట్టెలో ఐదు అరలు చేసి, వచ్చిన మాట చీటీని ముందు అరకు, రాని మాట చీటీని మొదటి అరకు పంపే పద్ధతి చెప్పాడు. 2006లో వచ్చిన ఆంకీ అనే ఉచిత సాధనం అదే పనిని కంప్యూటరులో చేస్తుంది. ఈ చరిత్రంతా చదివిన హిఫ్జ్ విద్యార్థి చిరునవ్వు నవ్వుతాడు. అతని దినచర్యలో సబఖ్ కొత్త పాఠం, సబఖ్‌పారా నిన్నమొన్నటి పాఠాలు, ఆమూఖ్తా పాత పారాలు. మూడింటికీ మూడు వేళలు, మూడు కొలతలు. ఆరువందల పేజీల గ్రంథాన్ని పిల్లల తలలో నిలిపిన పద్ధతి అది. అరబ్బీ మాటలకు, అర్థాలకు అదే పద్ధతి వాడుకోవడానికి చెప్పుల పెట్టె ఒకటి, పాత కాలెండర్ల వెనుకవైపు కత్తిరించిన చీటీలు చాలును. చీటీకి ఒకవైపు అరబ్బీ మాట, దాని ధాతువు, రెండోవైపు తెలుగు అర్థం రాయాలి. ఇంగ్లీషు రాయకూడదు.

ఊరి మసీదులో ఇషా తరువాత గంటసేపు ఐదారుగురు కూర్చొని, వారానికి ఒక పాఠం చొప్పున మొదటి భాగం చదివితే ఆరు నెలలలోపు ముగుస్తుంది. చెప్పే మౌల్వీ తెలుగు వ్యాకరణం మరచి ఉండవచ్చు, వినేవారిలో ఒక తెలుగు పంతులు ఉంటే ఆయన విభక్తులు గుర్తు చేస్తాడు. స్త్రీలకు ఇంటి పట్టున ఇటువంటి కూడిక ఏర్పరచడం ఇంకా అవసరం, ఎందుకంటే యాప్ వారినే ఎక్కువ ఒంటరిగా వదిలిపెడుతున్నది.

ఫోన్‌ను అవతల పారేయనవసరం లేదు. ఈజిప్టు ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ నేర్చుకొనేవారి కోసం నెమ్మదిగా చదివిన పఠనం అందులో దొరుకుతుంది. పగలు చదివిన ఆయతును రాత్రి ఆ గొంతులో నాలుగుసార్లు విని, ‘అల్ వలదు’ను ‘అల్ వలది’గా మార్చిన ఆ చిన్న జేరు వంటిది ఎక్కడెక్కడ వినిపిస్తున్నదో చీటీ మీద రాసుకొని, మరునాడు కూడికకు తీసుకొని పోవచ్చును.